వెనక గదులు చూడలేదు

"వంటగది ఎలా ఉందండీ?" అని నాగకుమారి అడిగితే, భీమేశ్వరరావు చొక్కా విప్పి వంకెకు తగిలిస్తూ, "వంటగదిలాగే ఉంటుంది" అన్నాడు.

అసలు అతను ఆ వంటగది చూడనేలేదు. పట్టాభిరామన్ గారి పాత ఇల్లు అమ్మకానికి వచ్చిందని తెలిసిన దగ్గర్నుంచి మూడుసార్లు వెళ్ళొచ్చాడు. ఒకసారి ఒక్కడే, ఒకసారి ఆఫీసులో పక్క సీటు ఆదికేశవన్‌తో, మూడోసారి ఇంజనీరు చెంగల్రాయన్ గారిని వెంటబెట్టుకుని. మూడుసార్లూ వీధి అరుగు, నడవా, టేకు స్తంభాలు, నడిమధ్య ఆకాశం కనిపించే ముంగిలి చూసి, ఆ ఇంటివాళ్ళిచ్చిన కాఫీ తాగి, తృప్తిగా తిరిగొచ్చారు. కాఫీ వచ్చిన చోటికి మాత్రం ఎవరూ వెళ్ళలేదు. నాగకుమారిని ఒకసారి తీసుకెళ్దామని ఎవరికీ తోచనూ లేదు. ఆమెకు పొద్దున్నే క్యారియర్లు, పిల్లల బడి, సాయంత్రం మళ్ళీ పొయ్యి. ఇల్లు చూడటానికి తీరిక ఉన్నవాళ్ళు చూశారు, ఇంట్లో బతకాల్సిన మనిషి బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ కూర్చుంది.

"ఇంజనీరు రిపోర్టు కూడా వచ్చేసింది" అన్నాడతను, సంతోషం దాచుకోలేక. "ఆదికేశవన్ చదివి చెప్పాడు. గోడలు మూడడుగుల మందమట. ఇంకో వందేళ్ళు చెక్కుచెదరదట. ఆదివారం పొద్దున్నే ఒప్పందం మీద సంతకాలు. వెనక గది పిల్లలిద్దరికీ. ఇక ఎన్ని బిందెల నీళ్ళు పట్టుకున్నావని నిన్నెవరూ అడగరు కుమారీ."

ఆ చివరి మాటకు ఆమె మనసు మెత్తబడింది. కదిర్కామం పేటలో ఈ అద్దె వాటాకు వచ్చి పదకొండేళ్ళు. బిందెలు లెక్కపెట్టే ఇంటి యజమానురాలి మాట పడ్డప్పుడల్లా ఆమె ఏమీ అనకపోయినా అతను గమనించాడన్నమాట. భీమేశ్వరరావు చెడ్డవాడు కాడు. చేసే మేలేదో అడగకుండా చేసేస్తే మరింత మేలవుతుందని నమ్మే మనిషి, అంతే.

మర్నాడు బల్ల తుడుస్తుంటే ఆ రిపోర్టు చేతికి తగిలింది. నాలుగు పేజీలు, టైపు కొట్టినవి, ఫ్రెంచిలో. చెంగల్రాయన్ గారి పూర్వీకులు ఎప్పుడో ఈ ఊరొచ్చిన తెలుగువాళ్ళే. ఇంట్లో తెలుగు మాట్లాడతారు కానీ అక్షరం రాదు. ఫ్రెంచి దొరల కాలంలో కట్టడాల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి కనక ఇప్పటికీ కాగితం మీద పెట్టేదంతా ఫ్రెంచిలోనే పెడతారు. భీమేశ్వరరావుది కాకినాడ చదువు, ఇంగ్లీషు చదువు. అందుకని రిపోర్టు ఆదికేశవన్ దగ్గరికి వెళ్ళింది.

నాగకుమారిది యానాం, అదీ ఫ్రెంచి దొరలు ఏలిన ఊరే. పద్నాలుగో ఏట ఫ్రెంచి బడిలో సర్టిఫికెట్టు తీసుకుంది, క్లాసులో మొదటిదిగా. పెళ్ళిచూపుల్లో వాళ్ళ నాన్న ఆ మాట గర్వంగా చెబితే, కాబోయే అత్తగారు, "దొరల భాషలో తాలింపు వేయదు కదా" అని నవ్వింది. అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళలో భీమేశ్వరరావు ఉన్నాడో లేడో ఆమె అప్పుడు తలెత్తి చూడలేదు. ఆ సర్టిఫికెట్టు పుట్టింటి పెట్టెలోనే ఉండిపోయింది. అది ఉందన్న సంగతి ఈ ఇంట్లో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు, ఒక్కోసారి ఆమెకు కూడా.

చేతిలో గుడ్డ పక్కన పెట్టి నిలబడే చదవడం మొదలుపెట్టింది. మొదటి పేజీ చాలా కష్టమైంది. రెండో పేజీకి మాటలు ఒక్కొక్కటే దగ్గరికొచ్చాయి, చిన్నప్పుడు కలిసి చదువుకున్న పిల్లలు పేరు పెట్టి పిలిచినట్టు. అరుగు బాగుంది, స్తంభాలు బాగున్నాయి, ముందు మిద్దె బాగుంది. ఆదికేశవన్ చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే అతను రెండో పేజీతో ఆపేశాడు.

మూడో పేజీలో ఇలా ఉంది. ముంగిలికీ వంటగదికీ మధ్య గోడ మీద చెమ్మ మరక ఉంది, దూలాల కొసలు ఆ గోడలోనే ఉన్నాయి కనక కనిపెట్టి ఉండాలి. ఆ కింది పేరాలో, వంటగది, సామాన్ల గది, వెనక గది చూడలేదు, స్త్రీలు ఉన్నారు. ముందు భాగంలాగే ఉంటాయని భావిస్తున్నాను. సంతకాలకు ముందు చూసుకోవడం మంచిది.

ఆమె అక్కడే కుర్చీలో కూర్చుండిపోయింది. భాష రావడం వేరు, ఆ మాట అర్థం కావడం వేరు. ఈ రెండోది ఆమెకు ఫ్రెంచి బడి నేర్పలేదు. పెళ్ళివారు కాఫీలు తాగి లేస్తూ "ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తాం" అంటే దాని అర్థమేమిటో ఏ ఆడపిల్లకూ విడమరిచి చెప్పక్కర్లేదు. "మా కోడలు ఓపిక మీద అన్నీ చేస్తుంది" అని అత్తగారు పొరుగింటావిడతో అంటే ఏ పని మిగిలిపోయిందో వెతుక్కోవాలి. మర్యాదస్తులు చెడ్డమాట ఎప్పుడూ నేరుగా అనరు. కనిపెట్టి ఉండాలి అన్నారంటే ఇప్పటికే ఏదో మొదలైందన్నమాట. చూడలేదు అన్నారంటే, బాగుందని కాదు, బాగాలేదనీ కాదు, మీ పిల్లల్ని దాని కింద పడుకోబెట్టే ముందు మీరే చూసుకోండమ్మా అని. పదిహేనేళ్ళుగా మాటల వెనక మాటలు చదువుకుంటూ బతికిన మనిషికి ఆ నాలుగు వాక్యాలు చాలా తేలిగ్గా అర్థమయ్యాయి.

రాత్రి అన్నం పెడుతూ చెప్పింది. భీమేశ్వరరావు విసుక్కోలేదు, నవ్వాడు. "ఆదికేశవన్ ఇరవై ఏళ్ళుగా ఫ్రెంచి ఫైళ్ళు చూస్తున్నాడు. నువ్వెప్పుడో జడలేసుకున్న రోజుల్లో చదివావు. ఇంజనీర్లన్నాక ఇలాంటివి రెండు రాస్తారు, రేపు మాట రాకుండా. కాస్త పులుసు వెయ్యి."

పులుసు వేసింది. బాధేసింది కూడా. నమ్మనందుకు కాదు, తను చదివిందన్న సంగతికి అతను కొంచెమైనా ఆశ్చర్యపోలేదే అని.

శుక్రవారం పిల్లల్ని బడికి పంపి, తలుపు తాళం వేసి, నాగకుమారి తనే బస్సెక్కి వెళ్ళింది. పట్టాభిరామన్ తల్లి రంగమ్మాళ్ ఒక్కతే ఉంది ఇంట్లో, డెబ్బై దాటిన మనిషి. వాళ్ళదీ చెంగల్రాయన్ గారి వాళ్ళలాగే ఈ ఊరి పాత తెలుగు. ఎవరో ఏమిటో చెప్పేసరికి ముసలావిడ ముఖం విప్పారింది.

"రా అమ్మణ్ణీ. ఇల్లు కొనేవాళ్ళింట్లో ఆడమనిషి ఉందా లేదా అని నేను అనుకుంటా ఉండాను. మొగోళ్ళు వచ్చినారు, స్తంభాలు తట్టినారు, పోయినారు. యాడ చూడాలో ఆడ చూడలేదు."

చేయి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళింది. గది పెద్దది, వెలుతురు బాగుంది, నాగకుమారికి చూడగానే నచ్చింది. అలా నచ్చినందుకే భయం వేసింది ఆమెకు. ముసలావిడ పైకి చూపించింది. గోడలోకి దూరే చోట దూలానికి దట్టంగా రంగు పూసి ఉంది. రంగు కింద చెక్క ఉబ్బి, పక్కలకు విచ్చుకుంది. సరిగ్గా దాని కింద నేల ఖాళీగా ఉంది. పొయ్యి, బియ్యం జాడీ, రుబ్బురోలు అన్నీ అవతలి పక్కన.

"ముప్పై ఏండ్లుగా నేను ఆ పక్కనే వండేది" అంది రంగమ్మాళ్. "ఈ పక్క నిలబడను. కోడల్నీ నిలబడనియ్యను. వెనక గదిలో కూడా ఇదే దూలం, అమ్మణ్ణీ. వానొస్తే ఆడ ఎవుర్నీ పడుకోనియ్యను. మా ఆయనకి చెప్తే రంగు కొట్టించినాడు. కొడుక్కి చెప్తే, అమ్మేసినాక మనకేంది అంటా ఉండాడు."

"మరి నాకెందుకు చూపించారు?" అని అడిగింది నాగకుమారి.

"నువ్వు వచ్చినావు గదా, చూడాలని."

ఆ మాట అని ముసలావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. కొడుకు చేయబోయే బేరాన్ని తన నోటితో చెడగొడుతోందని తెలియని అమాయకురాలు కాదు. నాగకుమారి ఆమె పక్కనే పీట మీద కూర్చుంది. తరవాత రంగమ్మాళ్ లేచి, ఆ అవతలి పక్కకే వెళ్ళి కాఫీ కలిపి ఇచ్చింది.

ఆదివారం పొద్దున నాగకుమారి కూడా వస్తానంటే భీమేశ్వరరావు సరదాపడ్డాడు. శుక్రవారం సంగతి ఆమె చెప్పలేదు. చెబితే మళ్ళీ పులుసు దగ్గరే ఆగిపోతుందని ఆమెకు తెలుసు. నడవాలో చాప మీద పట్టాభిరామన్, ఆదికేశవన్, చెంగల్రాయన్ గారు, మగవాళ్ళంతా కూర్చున్నారు. కాగితాలు పరిచారు. భీమేశ్వరరావు పెన్ను మూత తీశాడు.

"ఒక్క నిమిషమండీ" అంది నాగకుమారి.

వెంట తెచ్చిన రిపోర్టు తీసి, మూడో పేజీ తిప్పి, ఆ నాలుగు వాక్యాలూ పైకి చదివింది. ఫ్రెంచిలోనే చదివింది, చిన్నప్పుడు బడిలో నిలబడి చదివినట్టు, తొందరపడకుండా. ఆ భాష ఆమె నోట భీమేశ్వరరావు వినడం అదే మొదటిసారి. ఆదికేశవన్ తల దించుకున్నాడు. చెంగల్రాయన్ గారు కళ్ళజోడు తీసి ఆమె వంక చూశారు.

"నేను రాసింది ఎవురూ చదవలేదనుకున్నానమ్మా" అన్నారాయన మెల్లగా. "లోపల ఆడవాళ్ళుండారు. ఎట్లా పోయేది? మర్యాద గాదు గదా."

"ఇవాళ కూడా ఆడవాళ్ళున్నారండీ" అంది నాగకుమారి. "మేం రమ్మంటున్నాం, రండి."

పట్టాభిరామన్ ఏదో అనబోయాడు. ఈలోగా లోపల్నుంచి రంగమ్మాళ్ గొంతు వినిపించింది. "రమ్మను చెంగల్రాయా. స్టూలు వేసినాను."

మగవాళ్ళంతా ఒకరి వెనక ఒకరు వంటింటి గడప దాటారు. ఎక్కడ నిలబడాలో తెలియక గుమ్మం దగ్గరే గుంపుగా ఆగిపోయారు. చెంగల్రాయన్ గారు స్టూలెక్కి, జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, రంగు వేసిన చోట ఆనించి నొక్కారు. తేలిగ్గా, పిడి దాకా లోపలికి దిగిపోయింది. బూడిదలాంటి పొడి జలజలా రాలింది. ఖాళీగా ఉన్న నేల మీదే పడింది అదంతా.

"అమ్మా, ఇంత పాడైందని నువ్వెప్పుడూ చెప్పలేదే" అన్నాడు పట్టాభిరామన్.

"చెప్తానే ఉండాను నాయనా" అంది రంగమ్మాళ్. కోపం లేదు ఆ గొంతులో, అలసట ఉంది. "నువ్వు చేయి కడుక్కుని పోతా ఉంటివి."

భీమేశ్వరరావు నేల మీది పొడిని చూశాడు, పక్కనున్న వెనక గది తలుపు చూశాడు, భార్యను చూశాడు. పెన్నుకు మూత పెట్టేశాడు.

"ఏం చేద్దాం కుమారీ?" అని అడిగాడు. పదిహేనేళ్ళలో ఆమె ఈ ప్రశ్న వినలేదు. జవాబు మాత్రం ఆమె దగ్గర శుక్రవారం నుంచే ఉంది.

"ఇల్లు నాకు నచ్చింది. వెనక మిద్దె విప్పి కొత్త దూలాలు వేయించాకే సంతకాలు. అది పట్టాభిరామన్ గారు ఒప్పుకుంటేనే. లేదంటే వద్దు."

చెంగల్రాయన్ గారు స్టూలు దిగి, చేతులు దులుపుకుని, సంచీలోంచి తెల్లకాగితం తీశారు. అలవాటు కొద్దీ భీమేశ్వరరావు వైపు తిరిగి, మళ్ళీ తనే సర్దుకుని నాగకుమారి వైపు తిరిగారు.

"కొత్త రిపోర్టు రాసిస్తానమ్మా. యాడ మొదలుపెట్టేది? వీధి అరుగు నించేనా?"

"లేదండీ" అంది నాగకుమారి, రంగమ్మాళ్ పక్కకు వెళ్ళి నిలబడి. "ఇక్కడి నుంచి. ఆవిడ చెబుతారు, రాసుకోండి."