చెద పట్టని చెక్క

లోకమంతా ఎలుకల బోను కొనుక్కుంటుంటే మీనాకుమారి ఎలుకలనే పెంచుతోందని ఖరగ్‌పూర్ పూరీ గేట్ వీధిలో ఒక వేడుకగా చెప్పుకునేవారు. పక్కింటి నీలవేణి అయితే, వినాయకుడు రాకముందే మీ ఇంటికి వాహనం దిగిపోయిందేమిటని రోజూ ఒకసారి అనకపోతే అన్నం సయించేది కాదు. మీనాకుమారి నవ్వి ఊరుకునేది. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

నిజానికి అవి అసహ్యించుకునే ఎలుకలు కావు. పాలలా తెల్లగా, గులాబీరంగు చెవులతో, వేలు చాపితే రెండు చేతులతో పట్టుకునే ఎలుకలు. ఝపటాపూర్‌లో చిలకలూ చేపలూ అమ్మే ఎరిక్ దుకాణంలో సరదాకి ఒక జంటను కొంది. అవి పిల్లల్ని పెట్టాయి. పిల్లల్ని తనకే ఇమ్మన్నాడు ఎరిక్. అలా సరదా కాస్తా పనయింది. భర్త ప్రశాంత్, విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లోని ఫ్యాక్టరీకి షిఫ్టులకు పోతే, వెనక వసారాలో ఆమెకూ ఎలుకలకూ పొద్దుపోయేది.

ఎలుకను పెంచడంలో తిండి ఒక సమస్య కాదు, అది ఏదైనా తింటుంది. వచ్చిన చిక్కంతా దాని కింద ఏం పరచాలన్న దగ్గరే. పేపరు చింపకుండా పరిస్తే సాయంత్రానికి తడిసి ముద్దయి ఇల్లంతా కంపు. ఊక పోస్తే దుమ్ము. పాత చీర చింపి వేస్తే ఒక పిల్ల కాలికి దారం చుట్టుకుని, చూసుకునేసరికి కాలు నల్లబడిపోయింది. ఆ పిల్ల బతకలేదు. ఎలుక పిల్ల కోసం ఏడుస్తున్న పెళ్ళాన్ని చూసి ప్రశాంత్ నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు.

ఆ ఏడుపు విన్నది ప్రశాంత్ ఒక్కడే కాదు. పక్క గదిలో అతని తండ్రి జగ్గారావు కూడా విన్నాడు. రైల్వే వర్క్‌షాపులో వడ్రంగిగా చేసి రిటైరైన మనిషి. భార్య చిలకమ్మ పోయిన వానాకాలంలో దగ్గి దగ్గి కన్నుమూసినప్పటి నుంచి ఆయన నోట మాట లేదు. పలకరిస్తే ఊ, అన్నం పెడితే ఆ. పెరట్లో పాకలో ఆయన పనిముట్లు తుప్పు పడుతున్నాయి. కొడుకు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు, చర్చికి వెళ్ళే స్నేహితుడు విల్‌ఫ్రెడ్ వచ్చి పక్కన కూర్చుని ప్రార్థన కూడా చేసి వెళ్ళాడు. ఏ దేవుడి దగ్గర నుంచీ ఆయన మాట తిరిగి రాలేదు.

అలాంటి మనిషి మర్నాడు పొద్దున్న పాకలోకి వెళ్ళాడు. చిత్రిక పడుతున్న చప్పుడు విని మీనాకుమారి చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. కాసేపటికి ఆయన గోనెసంచి నిండా చెక్కపొట్టు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. సన్నగా, మెత్తగా, చుట్టలు చుట్టలుగా ఉంది.

"స్లీపరు సెక్క అమ్మా ఇది," అన్నాడు. "పట్టాల కింద ఎండకీ వానకీ ఆగినాది. సెదే ముట్టదు. నీ ఎలకలకి పురుగన్నది రాదు, సూడు."

ఖరగ్‌పూర్‌లో మన రైల్వే కుటుంబాలకు స్లీపరు చెక్క అంటే ఏమిటో తెలియనివాళ్ళకు చెప్పాలి. ఇప్పుడంటే పట్టాల కింద సిమెంటు దిమ్మలు వచ్చాయి గానీ, అప్పట్లో చెక్క దుంగలే. పాతబడి తీసేసినవి వేలంలో అమ్మితే జనం ఎగబడి కొనేవారు. గుమ్మాలు అవే, మంచాలు అవే, అవి కోయగా మిగిలిన పేళ్ళు పొయ్యిలోకి. శ్రీకాకుళం నుంచి బంధువులు వస్తే మంచం కోడు తట్టి చూపించి, ముత్తాత నాడు కొన్నది మునిమనవడి నాటికీ ఉంటుందని మురిసిపోయేవారు. జగ్గారావు ఇంట్లో టేకు ముక్క ఒక్కటి లేదు. అది ఆయనకు లోటు కాదు, గొప్ప.

మీనాకుమారి ఆ పొట్టును చూసి సంతోషించింది. ఎలుకల కోసం కొంచెం, మామగారి కోసం ఎక్కువ. ఆ రోజు ఆయన రెండోసారి అన్నం అడిగి పెట్టించుకున్నాడు. ఆ తర్వాత రోజూ ఒక సంచి. సంచితో పాటు నాలుగు మాటలు. పొట్టు కూడా గొప్పగా పనిచేసింది, కంపు లేదు, చీమ లేదు.

పక్షం తిరిగేసరికి ఎలుకలు తుమ్మడం మొదలుపెట్టాయి. ఎలుక తుమ్మితే మొదట నవ్వొస్తుంది, అంత చిన్న చప్పుడు. తర్వాత నవ్వు రాలేదు. ఊపిరి తీస్తుంటే లోపల గురగురమంటోంది, కళ్ళ చుట్టూ ఎర్రగా అట్టలు కడుతున్నాయి. కొత్తగా పెట్టిన పిల్లలు ఒక్కొక్కటే చల్లబడిపోయాయి. పసుపు నీళ్ళు, తులసి రసం అన్నీ అయ్యాక, ఒక ఎలుకను డబ్బాలో పెట్టుకుని ఎరిక్ దగ్గరికి వెళ్ళింది.

ఎరిక్ దాన్ని అరచేతిలోకి తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"అక్కా, దీని కింద ఏటేసినావు? పట్టాల కాడ వాసనొస్తంది."

స్లీపరు చెక్క పొట్టు అని, చెద కూడా ముట్టదని మామగారి మాటే అప్పగించింది మీనాకుమారి.

"సెద ఎందుకు ముట్టదో ఆలోసించినావా? పురుగు సావాలనే ఆ సెక్కకి నల్ల నూనె తాగిస్తారు. నువ్వూ నానూ అయితే గాలికి తిరుగుతాం, కిటికీ తీస్తాం. ఇది అందులోనే ముక్కెట్టుకుని తొంగుంటాది కదా."

ఆ నూనె సంగతి అలా ఉంచి, దేవదారు లాంటి ఘాటు వాసన చెక్క ఏదైనా ఎలుకల ఊపిరికి పడదని చెప్పాడు. వాసనా దుమ్మూ లేని కాగితాన్ని సన్నగా చింపి మందంగా వేసి, తడిసిన చోటల్లా రోజూ తీసేస్తూ ఉండమన్నాడు. పేపరు చింపకుండా పరచడమే ఆమె మొదట చేసిన పొరపాటట. ఇంత సుళువా అని మీనాకుమారి ప్రాణం లేచి వచ్చింది. ఇంటికి వెళ్ళి మావయ్యకు చెప్పేస్తే సరి, ఆయన వేరే చెక్క చూసుకుంటాడు అనుకుంటూ నడిచింది.

పూరీ గేట్ దాకా వచ్చాక ఆమెకు అత్తగారి వంటిల్లు గుర్తొచ్చింది. గుర్తొచ్చి, నడుస్తున్నది ఆగిపోయింది.

చిలకమ్మ పెళ్ళయి ఈ ఊరు వచ్చినప్పటి నుంచి, ఇంటికి గ్యాసు వచ్చేదాకా వండింది ఆ పేళ్ళ మీదే. తలుపు మూస్తే చీకటయ్యే క్వార్టరు వంటింట్లో. వీధిలో ఆడవాళ్ళు తడి బొగ్గుతో అవస్థ పడుతుంటే, మా ఆవిడకి ఒక్క అగ్గిపుల్ల చాలునని జగ్గారావు చెప్పుకునేవాడు. చివర్లో ఆసుపత్రిలో డాక్టరు, ఈమె బీడీ కాలుస్తుందా అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. చిలకమ్మ తల్లీ పిన్నులూ నిప్పు నోటి లోపల పెట్టుకుని అడ్డపొగ చుట్టలు కాల్చినవాళ్ళే గానీ ఆవిడ చుట్ట వాసనకే లేచి పోయేది. మరి ఊపిరితిత్తులు ఇలా ఎందుకున్నాయో అని డాక్టరు తల ఊపి వెళ్ళిపోయాడు. జగ్గారావు పక్కనే నిలబడి వింటున్నాడు.

పక్షం రోజుల్లో ఎలుకను ఇలా చేసింది వాసన ఒక్కటే. ఆవిడ పీల్చింది దాని పొగ. ఈ మాట ఆయనతో అనడమంటే, నీ భార్యను నువ్వే చంపుకున్నావని అన్నట్టే. చెప్పకూడదు అనుకుంది. చచ్చినా చెప్పకూడదు.

అప్పటి నుంచి ఆ ఇంట్లో ఒక నాటకం నడిచింది. పొద్దున్న ఆయన సంచి తెస్తాడు, ఈమె చాలా బాగుంది మావయ్యా అని అందుకుంటుంది. పాత బొగ్గుల గదిలో దాచి, చెత్త బండి వచ్చినప్పుడు ఎత్తి పంపేస్తుంది. ప్రశాంత్ ఫ్యాక్టరీ నుంచి తెచ్చే ఉత్త కాగితాలను సన్నగా చింపి ఎలుకల కింద వేస్తుంది. పైన కాగితం కనిపిస్తోందేమని ఆయన అడిగితే, అడుగున మీ పొట్టే ఉందని చెప్పింది. ఒక అబద్ధానికి తోడు ఇంకొకటి. నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ, ఆ ఇంట్లో పొగంతా ఆమె గుండెలోనే ఉండిపోయింది.

ఎలుకలు తేరుకున్నాయి. తుమ్ములు తగ్గాయి, బొచ్చు మళ్ళీ నిగనిగలాడింది. అది తన పొట్టు మహిమే అనుకున్నాడు జగ్గారావు. చాయ్ దుకాణంలో బెంగాలీ దాదాలకు వాళ్ళ భాషలో కూడా ఆ సంగతి చెప్పి వచ్చాడు. చూస్తుంటే ఆమెకు ముచ్చటేసేది, వెంటనే వెళ్ళి బొగ్గుల గది తలుపు వేసి ఉందో లేదో చూసుకునేది.

ఒక మధ్యాహ్నం బజారు నుంచి వచ్చేసరికి వసారాలో కొత్త పెట్టె ఉంది. నున్నగా నల్లగా మెరుస్తూ, మూలలు అతికిన చోట వెంట్రుక కూడా దూరనంత అందంగా ఉంది. స్లీపరు చెక్క పెట్టె. అంత మంచి పని ఆయన రిటైరయ్యాక చేయలేదు. లోపల నిండా పొట్టు. రాత్రే పిల్లల్ని పెట్టిన తల్లి ఎలుకను గూడుతో సహా ఎత్తి అందులో పెట్టి, పక్కన పీట వేసుకుని పెళ్ళివారి కోసం చూస్తున్నవాడిలా కూర్చున్నాడు జగ్గారావు.

మీనాకుమారి చేతిలో సంచి కింద పెట్టింది. ఏదో ఒకటి చెప్పి ఆయన్ను లోపలికి పంపి, తర్వాత తీసేయవచ్చు. కానీ తల్లి ఎలుక అప్పుడే పిల్లల్ని నోట కరుచుకుని మూల నుంచి మూలకు తిరుగుతోంది. వేలి గోరంత పిల్లలు, ఎర్రగా, కళ్ళు కూడా తెరవనివి. ఆమె ఇక ఆలోచించలేదు. గబగబా కాగితం తెచ్చి, తల్లినీ పిల్లల్నీ ఎత్తి అవి ఇంతకుముందున్న తొట్టిలోకి మార్చేసింది.

జగ్గారావు చూస్తూ కూర్చున్నాడు. పెట్టె బాగులేదా అని అడిగాడు. చాలా బాగుంది, కానీ పచ్చి పిల్లలు కదా, చెక్క వాసన పడదేమో అంది. ఆయన తొట్టిలో చేయి పెట్టి కాగితం అడుగుదాకా వేళ్ళతో తోడి చూశాడు. అడుగున పొట్టు లేదు. లేచి బొగ్గుల గదికి వెళ్ళి తలుపు తీశాడు. బండి రాని వారం అది. సంచులు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

తిరిగి వచ్చి పీట మీద కూర్చున్నాడు. కోపం లేదు ముఖంలో.

"ఎన్నాళ్ళయినాది తెలిసి?"

మీనాకుమారికి అబద్ధం దొరకలేదు. ఎరిక్ చెప్పిందంతా చెప్పింది. నల్ల నూనె, వాసన, ఎలుక ముక్కు. ఎలుక ముక్కు చాలా చిన్నదనీ, వాటికి పడనివి మనుషులకు ఏమీ కావనీ రెండుసార్లు చెప్పింది. రెండోసారి చెప్పేటప్పుడే తప్పు చేశానని ఆమెకు తెలిసింది.

ఆయన పెట్టె అంచు మీద బొటనవేలు రాశాడు.

"ఎలకల గురించే అయితే నువ్వు దాయక్కర్లేదమ్మా. మావయ్యా, ఈ పొట్టు వద్దు అనుంటే సరిపోయేది. దేనికి దాసినావో నాకు తెలిసినాది."

కాదని అరవాలనిపించింది ఆమెకు. ఆయనను కాపాడాలని చేసిన పనే ఆయనకు సాక్ష్యం చెప్పింది. తన మంచితనం మీద తనకే అసహ్యం వేసి, వచ్చి ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది.

జగ్గారావు మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. చిలకమ్మ ఒకసారి గ్యాసు పెట్టించమని అడిగిందట. ఇంటి నిండా పేళ్ళుండగా గ్యాసు ఎందుకని ఆయన నవ్వాడట. ఆవిడ మళ్ళీ అడగలేదు. కళ్ళు తుడుచుకుంటూ అన్నం వడ్డించేది. కంట్లో నీరేమిటంటే ఉల్లిపాయ అనేది. అన్నేళ్ళు, రోజూ ఉల్లిపాయే. ఆవిడ పోయిన రోజు కూడా రాని ఏడుపు ఆయనకు అప్పుడు వచ్చింది. పెద్దమనిషి అలా ఏడుస్తుంటే చూడలేక మీనాకుమారి కూడా ఏడ్చింది.

ఆ పొగ వల్లే అని ఎవరూ అనలేదనీ, డాక్టరుకే తెలియదనీ ఆమె చెప్పబోయింది. ఆయన చేయి అడ్డం పెట్టాడు. అది కాదు ఆయనకు కావలసింది.

"నాను తెలీక తెచ్చినాను మీనమ్మా. మంచిదని తెచ్చినాను."

"నాకు తెలుసు మావయ్యా."

"నీకు కాదమ్మా. దానికి తెలుసా?"

మీనాకుమారి ఆయన రెండు చేతులూ పట్టుకుంది. ఆ వేళ్ళకు ఇంకా పట్టాల వాసనే వస్తోంది. అత్తగారి మనసులో ఏముండేదో ఆమెకు ఎప్పుడూ తెలియదు, ఇక తెలుసుకునే దారీ లేదు. అయినా ఆ ఇంట్లో ఇన్నాళ్ళూ చెప్పిన అబద్ధాలన్నిటికీ తడబడిన నోరు, ఈ ఒక్క మాటకు తడబడలేదు.

"అత్తకి తెలుసు మావయ్యా," అంది. "తెలిసే, ఉల్లిపాయని సెప్పినాది."