కాగని డప్పు

కొమ్మాలు మామ స్టేజీ వెనక గొంతుక్కూర్చుని డప్పు కాచుకోవడానికి ఎండుగడ్డి అడుగుతున్నాడు, నేనేమో గడ్డి కోసం మా స్టూడియో అంతా వెతుకుతున్నాను, స్టూడియోలో గడ్డి ఎందుకుంటుందన్న ఆలోచన మాత్రం నాకు రావడం లేదు. హనుమకొండలో మేం అద్దెకు తీసుకున్న షట్టరు గదే అది, బయటి చప్పుడు రాకుండా గోడలకు అంటించిన కోడిగుడ్ల అట్టలు అలాగే ఉన్నాయి, కానీ ఎంత నడిచినా గది అయిపోదు, అట్టలు సాగి సాగి ఒకచోట పైకప్పు లేకుండా పోయి, మేం మొదటిసారి పాడిన కాలేజీ గ్రౌండు వస్తుంది. గ్రౌండు నిండా జనం. ఒక్కరూ ఇటు చూడరు. అందరూ ఫోన్లు పైకెత్తి అటువైపు దేన్నో వీడియో తీసుకుంటున్నారు, మా బ్యాండు పేరు 'బాయిగడ్డ' అని రాసిన బ్యానరు వాళ్ల తలల మీద గాలికి కొట్టుకుంటోంది.

మామ చనిపోయి నలభై రోజులు దాటింది. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకూ తెలుసు, ఇద్దరం దాన్ని పక్కన పెట్టి గడ్డి గురించే మాట్లాడుకుంటున్నాం.

"ఏమైంది అల్లుడా, దొరకలేదా?"

"గడ్డి లేదు మామా. పోస్టర్లున్నయి."

"తే. మంటయితె సాలు."

అవి మా మొదటి ఆల్బమ్ పోస్టర్లు. ఐదుగురం నిలబడి దిగిన ఫోటో, చివర్న మామ, కొత్త చొక్కా మడతలు కూడా పోలేదు. ఒక్కొక్కటే వెలిగించి డప్పు కింద పట్టుకుంటున్నాను, మంట వస్తోంది గాని వేడి రావడం లేదు, ఆయన తోలు మీద అరచెయ్యి ఆనించి తల అడ్డంగా ఊపుతున్నాడు.

"సల్లగనే ఉన్నది. ఆ ఎంటికెల మిషనన్నా తేరాదు?"

మామకు ఇంకా గుర్తుంది. వేడి తగిలితేనే తోలు బిగుస్తుంది, బిగుస్తేనే డప్పు పలుకుతుంది, స్టూడియోలో ఏసీకి పది నిమిషాలకోసారి అది మూగబోయేది. లోపల మంట పెట్టడానికి లేదు గనక, మా పాటగత్తె రజిత జుట్టు ఆరబెట్టుకునే మిషను తెచ్చి నేను తోలు మీదికి ఊదితే, "డప్పును పెండ్లిపిల్లను జేస్తున్నవురా" అని మామ దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"కరెంటు లేదు మామా," అంటున్నాను, అనేసరికి మేం బస్సులో ఉన్నాం, ఎప్పుడెక్కామో తెలియదు, జనగామకో ఎక్కడికో పాడటానికి వెళ్లేటప్పుడు కూర్చునే చివరి సీటు, ఒళ్లో డప్పు, కిటికీ అవతల అదే గ్రౌండు నెమ్మదిగా వెనక్కి పోతోంది. బస్సులో ఇంకెవరూ లేరు.

"పాట వినిపియ్యవా అల్లుడా?"

ఈ మాట ఆయన బతికుండగా మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ ఇంకా పనుంది మామా అన్నాను. పని కాదు, సిగ్గు. రికార్డింగులో చెవుల్లో టిక్కు టిక్కుమని ఒక లెక్క వినిపిస్తూ ఉంటుంది, అందరూ దాని వెంట నడవాలి, మామ చెయ్యి నడవలేదు. మూడో పాటలో, పిల్లను అత్తారింటికి సాగనంపే చోట, ఆయన దరువు ఊపందుకుని టిక్కును దాటిపోయేది. పదకొండు సార్లు కొట్టించాను. "గా టిక్కు టిక్కు అనేటోడు ఎవడురా, వానికి దమ్ము రాదా," అని నుదురు తుడుచుకున్నాడు గాని విసుక్కోలేదు. ఆయన వెళ్లాక కంప్యూటర్లో ఆయన దెబ్బలన్నీ ముక్కలుగా కోసి, ఒక్కొక్కదాన్నీ లెక్క మీదికి జరిపి అంటించాను. రెండు రోజులు పట్టింది. పెద్ద పని చేశాననుకున్నాను కూడా.

తప్పించుకోవడానికి బస్సులో ఇంకో సీటైనా కనబడదు. ఇయర్‌ఫోన్లు తీసి ఆయన చెవుల్లో పెడుతున్నాను. మామ కళ్లు మూసుకుని వింటున్నాడు, వేళ్లు మోకాలి మీద దరువేస్తూ వేస్తూ ఒకచోట ఆగిపోతున్నాయి.

"ఎవలు కొట్టిండ్రు ఇది?"

"నువ్వే మామా."

"నేను గాదు." కోపం లేదు గొంతులో. "మంచిగనే కొడ్తాండు. గని పిల్ల గడప దాటుతాంటె గూడ గట్లనే కొడ్తాండు. పాపం, వానికి ఆడివిల్లలు లేరా?"

మామ ఇద్దరు కూతుళ్లను సాగనంపినవాడు. ఆ పాటలో చెయ్యి ఎందుకు ఉరికేదో అప్పుడు నేను అడగలేదు, టిక్కు వినమన్నాను.

"నేనే సరిజేసిన మామా. నీకు చెప్పాలనుకున్న. భయమైంది."

"దేనికి?"

"తెలిస్తే బ్యాండు ఇడిసిపెట్టి పోతవని."

"పోయిన గద," అని నవ్వుతున్నాడు, నాకు నవ్వు రావడం లేదు. "నా సావు కాడికి వచ్చినవు, అందరి ఎనుక నిలబడ్డవు, సూసిన. మా తమ్ముడు కొట్టింది విన్నవా? ఏడ్సుకుంట కొట్టిండు. దెబ్బ ఆడొకటి ఈడొకటి పడ్డది. అది గూడ సరిజేస్తవా అల్లుడా?"

నేను ఏడుస్తున్నాను, ఆయన ఓదార్చడు, కిటికీలోంచి బయటికి చూస్తూ నా ఏడుపు అయ్యేదాకా ఆగుతున్నాడు.

"నేను కొట్టింది పారేసినవా?"

"లేదు మామా. ఉన్నది."

"రిలీజుకు పాటలు ఎప్పుడు పంపుతరు?"

"ఇయ్యాల పన్నెండింటికి."

"ఇంకేంది మరి," అని లేచి, డప్పు నా ఒళ్లో పెట్టి, "సల్లబడనియ్యకు," అంటున్నాడు, బస్సు ఆగకుండానే దిగి ఆ జనంలోకి నడుస్తున్నాడు, ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఊపుకుంటూ. మామా అని అరుస్తున్నాను. జనంలో ఒక్కరూ పక్కకు జరగరు, ఆయన వాళ్ల మధ్యలోంచి ఎలా వెళ్లిపోతున్నాడో నాకు అర్థం కావడం లేదు.

కళ్లు తెరిచేసరికి తొమ్మిదవుతోంది. నా గదిలో నేనొక్కణ్ణే. మామ పోయాక మేం నలుగురం ఒకచోట కూర్చున్నది లేదు, ఏదున్నా ఫోన్లలోనే. పదకొండో రోజున మామ భార్య లచ్చవ్వ, "మీ పాట కాడనే ఉండనియ్యి బిడ్డా," అని నా చేతిలో పెట్టిన డప్పు కిటికీ పక్కన గోడకు ఆనించి ఉంది. తెచ్చిన రోజు నుంచి దాన్ని ముట్టుకోలేదు.

పొద్దుటి ఎండ సరిగ్గా దాని మీద పడుతోంది. వెళ్లి అరచెయ్యి ఆనించాను. తోలు వెచ్చగా, బిగుతుగా ఉంది. వేలితో ఒక్క దెబ్బ వేస్తే ఖంగుమంది, స్టూడియోలో పదకొండు సార్లలో ఒక్కసారి కూడా అంత బాగా పలకలేదు.

రజితకు ఫోన్ చేశాను. "మూడో పాట నేను సరిజేసింది వద్దు. మామ కొట్టింది కొట్టినట్టే పెడుతున్న."

"ఆడ దరువు ఉరుకుతది గదా," అంది.

"ఉరకనీ."

ఫోన్ ఇంకా నా చెవి దగ్గరే ఉంది. అంతలో ఎండ కొంచెం పక్కకు జరిగి, తోలు సగం నీడలో పడింది. ఒక చేత్తో డప్పును మళ్లీ ఎండలోకి జరిపాను.