మరిది కుడి చెయ్యి

చిన్న డ్రమ్ము అంచు చుట్టూ ఉన్న మరలను వదిన ఎదురెదురుగా ఒక్కొక్కటే బిగిస్తోంది. ఒకటి తిప్పడం, దాని పక్కన తోలు మీద వేలితో కొట్టి వినడం, మళ్ళీ ఎదుటి మర దగ్గరికి జరగడం. మోకాళ్ళ మీద కూర్చుని, తల వాల్చి, ఎడమ చెవిని తోలుకు ఆనించినంత దగ్గరగా పెడుతుంది. కుడి చెవి పెద్దగా వినపడదు. డ్రమ్ముల పక్కన ఇన్నేళ్ళు కూర్చున్నందుకు అది తనకంటే ముందే రిటైరైపోయిందని ఎవరైనా అడిగితే నవ్వేస్తుంది.

ఇవాళ మామూలుకంటే బిగువుగా తిప్పుతోంది. తోలు ఎంత బిగిస్తే పుల్ల అంత తేలిగ్గా పైకి ఎగురుతుంది. వాయించేవాడి మణికట్టుకు ఆ మేరకు శ్రమ తప్పుతుంది. కాకపోతే శబ్దం సన్నబడుతుంది. ఆ తేడా ఎవరి చెవినా పడకుండా అంచున ఒక మెత్తటి గుడ్డముక్క అంటించింది. ఇత్తడి పళ్ళేల్లాంటి సింబల్స్‌ని నిలబెట్టే కడ్డీలను కూడా చలికాలం నుంచి కొద్దికొద్దిగా కిందికి దించుతూ వస్తోంది. ఒక్కసారే దించితే కనిపెట్టేస్తారు. దించిన ప్రతిసారీ ఎవరి ఇంట్లోనో దొంగతనం చేస్తున్నట్టు చుట్టూ చూసుకునేది.

పొట్టి మనిషి. నెరిసిన జుట్టు ముడి వేసి అందులో ఒక పెన్సిలు గుచ్చుతుంది. వేళ్ళ కణుపులు ఉబ్బి, బొటనవేలి పక్కన కాయ కాచి, చేతులు మాత్రం వడ్రంగి చేతుల్లా ఉంటాయి.

మైదానం ఇంకా ఖాళీగానే ఉంది. ఎండలో రేకుల కుర్చీలు మెరుస్తున్నాయి. చీకటి పడేలోగా పాట ఆపేయాలన్నది ఇక్కడివాళ్ళ షరతు కాబట్టి మధ్యాహ్నానికే గేట్ల బయట జనం మూగారు. ఆ హోరు స్టేజీ దాకా వినిపిస్తోంది. ఆ జనంలో ఇవాళ వాయించబోయే రాక్ బ్యాండులోని నలుగురి పేర్లూ తెలియనివాళ్ళు ఉండరు. గోడల మీద, చొక్కాల మీద, బస్సుల వెనక వాళ్ళ మొహాలే. వదినకు మాత్రం వాళ్ళు మరిది, మౌని, కొంగ, సైరన్. బేస్ గిటారు వాయించేవాడు రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప, కాబట్టి మౌని. గిటారిస్టు సన్నగా, పొడుగ్గా, ఒంటికాలి మీద నిలబడి వాయిస్తాడు కాబట్టి కొంగ. పాడేవాడు సైరన్ ఎందుకయ్యాడో చెప్పక్కర్లేదు. ఆ పేర్లన్నీ ఆమె పెట్టినవే. ఇక డ్రమ్ములు వాయించేవాడు ఆమె భర్తకు సొంత తమ్ముడు. అతను వదినా అని పిలవడం విని మిగతా ముగ్గురూ, ఆ తరవాత లారీ డ్రైవర్లూ, లైట్లవాళ్ళూ, చివరికి ఆమెకంటే పెద్దవాడైన మేనేజరు కూడా వదినా అనే పిలవసాగారు.

మేనేజరు ఇప్పుడు స్టేజీ మెట్లెక్కి ఆమె వైపే వస్తున్నాడు. మరలు తిప్పే తాళంచెవి పక్కన పెట్టి లేచి నిలబడింది.

"వదినా, ఒక్క మాట. మీ మరిది చెయ్యి బాగానే ఉందా?"

"చేతికేమైంది?"

"పొద్దున టీ కప్పు ఎడం చేత్తో ఎత్తాడు. కుడి చెయ్యి బల్లమీదికి రాలేదు."

"కుడి చేత్తో పేపరు పట్టుకున్నాడేమో."

"పేపరేం లేదక్కడ."

"నిక్షేపంలా ఉన్నాడయ్యా. నువ్వు లేనిపోనివి తవ్వకు, కచేరీ రోజున."

అతను ఇంకేదో అడగబోయి ఆమె మొహం చూసి ఊరుకున్నాడు. అతను దిగిపోయాక వదిన నీళ్ళ సీసా అందుకుంది. మొత్తం తాగేసింది.

*

ఆమె భర్త తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగి. తమ్ముడి మొట్టమొదటి డ్రమ్ములకు కాళ్ళు చేసి ఇచ్చింది ఆయనే. వాటిని ముందుగదిలో పరిచి, తమ్ముణ్ణి కూర్చోబెట్టి, ఏది ఎంత దూరంలో ఉండాలో కొలిచేటప్పుడు టేపు రెండో కొస పట్టుకున్నది ఆమె. బ్యాండుకు పేరొచ్చాక ఆయన పనిముట్లు పక్కన పడేసి వాళ్ళ లారీ ఎక్కాడు. ఆమె లాండ్రీలో ఇస్త్రీ పని చేసుకుంటూ ఇంటి దగ్గరే ఉంది. ఒక పర్యటన మధ్యలో, హోటలు గదిలో, ఆయన నిద్రలోనే పోయాడు. అన్నీ అయ్యాక మరిది వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అన్న ఎక్కడ పెడితే నా చెయ్యి అక్కడికే పోతుంది వదినా. ఇంకెవరు సర్దినా గాల్లో కొడుతున్నాను. ఆ కొలతలు నీకే తెలుసు. ఒక్క నెల చూడు."

ఆ ఒక్క నెల ఇంకా అయిపోలేదు. అద్దెగదికి ఏడాదిలో కొన్నాళ్ళు వెళ్తుంది. పక్కింటావిడ మొక్కలకు నీళ్ళు పోస్తుంది. పిల్లల్లేరు. ఏ రికార్డు అట్ట మీదా ఆమె పేరు లేదు, ఆ సంగతి ఆమెకు తట్టనూ లేదు.

మొదట్లో ఆ సంగీతం ఆమెకు రేకుల షెడ్డు మీద వడగళ్ళలా ఉండేది. ఒకసారి బస్సులో ఆ మాట పైకే అంది. పక్క సీట్లో మౌని కిటికీలోంచి చూస్తూ అన్నాడు: "నలుగుర్నీ ఒక్కసారే వినకు వదినా. ఒక్కణ్ణే పట్టుకో." ఆ రోజుకు అతని మాటల కోటా అయిపోయింది.

ఆమె ఒక్కొక్కణ్ణే పట్టుకుంది. మౌని ప్రతి స్వరాన్నీ మేస్త్రీ ఇటుక పెట్టినట్టు పెడతాడు. డ్రమ్ము మీద దెబ్బ పడ్డాక రెప్పపాటు ఆగి దిగుతాడు. ఆ కాస్త ఆలస్యానికే జనం మోకాళ్ళు వాటంతటవి ఊగుతాయి. కొంగ వేగాన్ని పత్రికలు పొగుడుతాయి గానీ ఆమెకు నచ్చేది వేరు. ఒకే ఒక్క స్వరం పట్టుకుని తీగను వేలితో పక్కకు లాగుతాడు. అది ఏడుపు అంచుదాకా వెళ్ళి, ఏడవకుండా నిలబడిపోతుంది. సైరన్ అరుస్తాడని పేరు. అరిచే ముందు ఊపిరి పీల్చడం కూడా దరువు తప్పకుండా పీలుస్తాడని ఎంతమందికి తెలుసు? ఇక మరిది కుడి చెయ్యి. పాట మొదలైన దగ్గర్నుంచి ఆఖరిదాకా సింబల్ మీద టిక్ టిక్ మంటూ నడుస్తూనే ఉంటుంది. రైల్లో పడుకున్నవాడికి చక్రాల చప్పుడులా. ఉన్నంతసేపూ ఎవరూ వినరు. ఆగిందంటే అందరూ లేచి కూర్చుంటారు.

*

తెర వెనక గదిలో మరిది చొక్కా చెయ్యి మడిచి కూర్చున్నాడు. వదిన మణికట్టు చుట్టూ పట్టీ వేస్తోంది. వేళ్ళు మధ్యమధ్య వాటంతటవే ఉలిక్కిపడుతున్నాయి.

"నొప్పా?"

"నొప్పయినా బాగుండేది వదినా. చెయ్యి ఉన్నట్టయినా తెలిసేది."

"వాళ్ళతో చెప్పేద్దామయ్యా. ఎన్నాళ్ళిలా?"

"చెప్తే? సైరన్ ఏడుస్తాడు. కొంగ ఇంకో డాక్టరు పేరు చెప్తాడు. మౌని ఏమీ అనడు." చేతికేసి చూసుకున్నాడు. "అదే నేను తట్టుకోలేను."

"పోనీ ఆ పెద్ద పాట వదిలేయమను ఇవాళ్టికి."

"జనం వచ్చేదే దానికోసం."

ఆ పాట మధ్యలో మిగతా ముగ్గురూ వాయిద్యాలు దించి పక్కకు వెళ్ళిపోతారు. మరిది ఒక్కడే చాలాసేపు వాయిస్తాడు. ఇదివరకు ఆ భాగం వస్తే వదినకు ఒళ్ళు పులకరించేది. ఈ మధ్య అది దగ్గరపడుతుంటే ఒళ్ళోని పుల్లలు లెక్కపెట్టుకుంటోంది.

పట్టీ కొస దోపి, పైన చొక్కా చెయ్యి దించి బొత్తాం పెట్టింది. "గట్టిగా వేశావు," అన్నాడతను. "వదులైతే జారుతుంది," అందామె. ఇద్దరూ లేచారు.

*

గేట్లు తెరిచారు, మైదానం నిండింది, మొదటి పాట మొదలైంది. వదిన ఎప్పటిలాగే డ్రమ్ముల వెనక పీట మీద, ఒళ్ళో స్పేరు పుల్లలతో కూర్చుంది. జనం నలుగుర్ని చూస్తున్నారు. ఆమె ఒక్క చేతినే చూస్తోంది.

రెండు పాటలు నడిచాయి. మూడోదానిలో మరిది కుడి చెయ్యి బరువెక్కడం కనిపించింది. మోచెయ్యి కిందికి జారుతోంది. ఉన్నట్టుండి అతను దెబ్బ విడిచి దెబ్బ కొట్టడం మొదలుపెట్టాడు. ఇప్పుడు వినపడుతుంది అందరికీ, ఆ ఖాళీ.

ఖాళీ వినపడలేదు. టిక్ టిక్ ఆగకుండా నడుస్తూనే ఉంది.

తన చెవిని తానే నమ్మలేక తల వాల్చింది. ఒక్కణ్ణే పట్టుకో. మరిది చెయ్యి గాల్లో ఉన్నప్పుడు కూడా చప్పుడు పడుతోంది. అది సింబల్ మీంచి కాదు. కొంగ అరచేత్తో తీగలను నొక్కిపెట్టి, స్వరం పలకకుండా, ఒట్టి చప్పుడే వాయిస్తున్నాడు. కొన్ని వారాలుగా అలాగే చేస్తున్నాడు. బద్ధకం ఎక్కువైందని, పేరొచ్చాక ఇంతేనని ఆమె లోపల్లోపల విసుక్కుంది కూడా. అతను పూరిస్తున్నవి సరిగ్గా మరిది వదిలేస్తున్న దెబ్బలే.

చప్పున మౌని వైపు చూసింది. పాటలో బరువైన దెబ్బ పడాల్సిన ప్రతిచోటా అతను తన ఆలస్యాన్ని మానుకుని డ్రమ్ముతోబాటే దిగుతున్నాడు. దెబ్బ మెత్తగా పడ్డా అతని స్వరం దాన్ని గట్టిగా పడినట్టు చేస్తోంది. జీవితమంతా తన సొంతమనుకున్న ఆ రెప్పపాటును వదులుకున్నాడు. పాట అయిపోగానే సైరన్ మైకు దగ్గరికొచ్చి జనంతో కబుర్లు మొదలుపెట్టాడు. చప్పట్లు కొట్టించాడు, ఎడమవైపు వాళ్ళకూ కుడివైపు వాళ్ళకూ పోటీ పెట్టాడు. వయసుతోబాటు వాగుడు ఎక్కువైందని పేపర్లు వెక్కిరిస్తున్నాయి అతన్ని. వెనక మరిది చెయ్యి ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ ఉన్నాడు. అతను చేతిలోకి పుల్ల తీసుకోవడం, సైరన్ మాట ఆపడం ఒకేసారి జరిగాయి. సైరన్ వెనక్కి తిరిగి చూడనేలేదు.

వీళ్ళకు తెలుసు. వదినకు ముందు కోపమొచ్చింది. తరవాత ఒళ్ళంతా వదులైనట్టయింది. పెద్ద పాట గుర్తొచ్చి మళ్ళీ బిగుసుకుపోయింది. ఆ ఒంటరి భాగంలో పూరించడానికి ఎవరుంటారు?

ఎండ పసుపెక్కింది. పెద్ద పాట మొదలవగానే మైదానం ఒక్కసారిగా లేచి నిలబడింది. చరణాలు గడిచాయి. ముగ్గురూ పక్కకు తప్పుకునే చోటు వచ్చింది. మరిది మొదలుపెట్టాడు. పెద్ద డ్రమ్ము, చిన్న డ్రమ్ము, మళ్ళీ పెద్దది. జోరందుకుంటుండగా కుడి చేతి వేళ్ళు విచ్చుకున్నాయి. పుల్ల దొర్లి స్టేజీ చెక్కల మధ్య సందులో పడింది.

వదిన ఇంకో పుల్ల చాచింది. అతను తీసుకోలేదు. తీసుకోలేకపోయాడు. చెయ్యి తొడ మీద పడి ఉంది. ఆమె కేసి తిరిగిన అతని కళ్ళు, చిన్నప్పుడు అన్న కొట్టబోతే వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి తన వెనక దాక్కున్న పిల్లాడి కళ్ళు.

అప్పుడు చూసింది. ఎవరూ స్టేజీ దిగలేదు. మౌని గిటారు దించకుండానే డ్రమ్ముల పక్కకు వచ్చి నిలబడి ఉన్నాడు. మరిది ఎడమ చేతినీ రెండు కాళ్ళనూ చూస్తూ, కుడి చెయ్యి వాయించాల్సినదంతా బేస్ తీగల మీద వాయిస్తున్నాడు. ఒక్క దెబ్బా పొల్లుపోలేదు. ఎన్ని రోజులు గదిలో తలుపు వేసుకుని నేర్చుకున్నాడో. కొంగ మెడలో గిటారు ఉంది. రెండు చేతులూ తీగల మీదే ఉన్నాయి. ఏమీ వాయించడం లేదు. వేగానికి పేరుమోసిన ఆ మనిషి కళ్ళు మూసుకుని, ఆ ఇద్దరికీ చోటు వదిలి నిలబడ్డాడు. సైరన్ మైకు కిందికి దించేశాడు.

మరిది తల ఎత్తాడు. ఒక్క చేత్తో, రెండు కాళ్ళతో జోరు పెంచాడు. మౌని వెంటే వెళ్ళాడు. అతను ఆగినచోట ఆగి, ఎగిరినచోట ఎగిరి. ఆఖరి దెబ్బ నలుగురూ కలిసి కొట్టారు. జనం అది కొత్త పద్ధతి అనుకుని గొంతులు పగిలేలా అరిచారు. వదిన ఒళ్ళో పుల్లలు ఎప్పుడు కిందపడ్డాయో ఆమెకు తెలియదు.

*

మెట్ల కింద, తెర చాటున, నలుగురూ మొహాలు తుడుచుకుంటున్నారు.

"ఎప్పట్నుంచి తెలుసు?" అన్నాడు మరిది.

"చలికాలం నుంచి," అన్నాడు మౌని.

"చెప్పలేదేం?"

"నువ్వు చెప్పలేదుగా."

కొంగ ముక్కు చీదాడు. సైరన్ ఏడవలేదు. మరిది ఎడమ చేతిని ఎత్తి ఒక్కొక్కడి భుజం మీదా వేసి తీశాడు. మౌని భుజం మీద మాత్రం ఇంకాసేపు ఉంచాడు. తరవాత వదిన దగ్గరికొచ్చాడు.

"వెళ్తా వదినా."

"కారు ఇంకా రాలేదు. ఇంత తిని వెళ్ళు."

"ఆకలి లేదు. నడుస్తా కాసేపు."

"రేపు..." అని ఆగిపోయింది.

అతను మణికట్టు చాపాడు. ఆమె పట్టీ విప్పింది. కింద చర్మం తెల్లగా, ముడతలు పడి ఉంది. విప్పిన గుడ్డను చుట్టి ఆమె జేబులో పెట్టుకునేలోగా అతను గేటు వైపు నడిచాడు. వెనక్కి చూస్తాడేమోనని నిలబడింది. జనం వెళ్ళిపోతున్న దారిలో అతని తల కొద్దిసేపు కనబడి కలిసిపోయింది. రాడని ఆమెకు తెలుసు. రేపూ, ఆ తరవాతా.

చీకటి పడకముందే లారీ ఎక్కించాలి. వదిన స్టేజీ మీదికి వెళ్ళి, ఎప్పటిలాగే పెద్ద సింబల్‌తో మొదలుపెట్టింది. కడ్డీలు మడిచింది. డ్రమ్ములను ఒక్కొక్కటీ సంచుల్లోకి దింపింది. పెద్ద డ్రమ్మును కదపడానికి వంగి, పెడల్ పక్కన ఆగిపోయింది. వాయించేటప్పుడు మాత్రమే అతను వేసుకునే, అయిపోగానే ఎప్పుడూ తన వెంట తీసుకెళ్ళే పల్చటి అడుగుల నల్ల బూట్లు అక్కడ పక్కపక్కన పెట్టి ఉన్నాయి. కుడిదాని మునివేళ్ళ దగ్గర తోలు అరిగి గుండ్రంగా నిగనిగలాడుతోంది. లేసులు విప్పి, రెంటినీ లోపలికి మడిచి పెట్టాడు.