అర్ధగంట కుదురు

మరాఠీ గడ్డ మీది నాగావ్‌లో కీబోర్డు మాస్టరు అబ్రహాముకు వేళ్ళున్నాయి, విద్య ఉంది; వాయించడానికి పెట్టె మాత్రం లేదు. పెట్టె హనుమాండ్లు సేటుది. ఆయనకు సాంచెల కార్ఖానా ఉంది. కరెంటు మగ్గాలను అక్కడికి వలసపోయిన మనవాళ్ళు సాంచెలనే అంటారు.

"క్రిస్మస్‌కు చర్చికి తీస్కపో మాస్టరూ," అన్నాడు సేటు. "గని శనివారం లోపల మా పోరగాళ్ళు అర్ధగంట కుదురుగ కూసోని వాయించాలె. లేకుంటె పెట్టె కదలది."

పోరగాళ్ళంటే మనవడు స్వప్నిల్, మనవరాలు రూపాలి. వాడికి ఏడేళ్ళు, దానికి అయిదేళ్ళు. కుదురు ఇద్దరికీ కలిపి అరనిమిషం.

సంగీతానికి నిశ్శబ్దం కావాలని అబ్రహాముకు గట్టి నమ్మకం. అందుకే రోజూ లోడ్‌షెడ్డింగుతో సాంచెలు ఆగే గంటనే ఎంచుకుని, పెట్టెలో సెల్లులు వేసుకుని కూర్చున్నాడు. మెట్లు నొక్కమంటే పిల్లలు మెట్లెక్కి డాబా మీదికి పోయారు. తాళం వేయమంటే స్వప్నిల్ బయటి నుంచి తలుపుకే వేశాడు. సరిగమలకు జంతువుల పేర్లు పెట్టి ఆటగా నేర్పబోతే, రూపాలి కుక్కయి కరిచింది.

"ఎందుకురా గట్ల ఉరుకుతరు?"

"సాంచెలు బంద్ అయినయ్ గద మాస్టర్! ఆతా సుట్టీ! ఇగ సెలవు!" అన్నాడు స్వప్నిల్.

గురువారానికి పిల్లలకు స్వరం రాలేదు, మాస్టరుకు జ్వరం వచ్చింది. నానమ్మ మల్లవ్వ జాలిపడింది.

"ఏంది అబ్రహామూ, గింత చదివినవ్, గిది తెల్వదా? గీళ్ళు సాంచెల పక్కన తొట్టెలల్ల పెరిగిండ్రు. సాంచె నడిస్తె కుదురుగుంటరు, ఆగితె లేస్తరు. మా ఇండ్లల్ల సప్పుడు ఆగిందంటె పని ఒడిసినట్టె."

శనివారం అబ్రహాము పెట్టెను ఇరవై నాలుగు సాంచెల నడుమ పెట్టాడు. ఆ రొదలో పిల్లలిద్దరూ కదలకుండా అర్ధగంట వాయించారు. ఏం వాయించారో దేవుడికి కూడా వినపడలేదు. వాళ్ళ వేళ్ళనే చూస్తూ నిలబడ్డ సేటు కళ్ళు మాత్రం చెమర్చాయి.

"ఎంత మంచిగ వాయించిండ్రు!" బయటికొచ్చి మాస్టరు వీపు చరిచాడు. "పెట్టె తీస్కపో. ఒక్క మాట. క్రిస్మస్ నాడు చర్చిల మా పోరగాళ్ళె వాయిస్తరు. మైకు మంచిది పెట్టు. సుట్టాలందరిని తోల్కస్త."

కాదంటే పెట్టె పోతుంది. అవునంటే పరువు పోతుంది. అబ్రహాము అవుననేశాడు. అని, చర్చి గోడనానుకున్న కార్ఖానా యజమాని వీరయ్య దగ్గరికి పరుగెత్తాడు.

"అన్నా, క్రిస్మస్ నాడు సాంచెలు బంద్ పెట్టకు. నీ కాళ్ళు మొక్కుత. చర్చి దిక్కు కిటికీలు గూడ తెరిచి పెట్టు."