అడుగఁబడని రక్తము

శ్రావణమేఘములు కాకినాడ రేవుపైఁ గ్రుంగి సన్నని తుంపరలు రాల్చుచుండఁగా సముద్రమునుండి వీచు లవణగంధబంధురపవనము వీథివీథిఁ దడిబట్టలతోఁ జెలగాటమాడుచుండఁగా ఇత్తడిపాత్రల వర్తకుఁడగు విశ్వేశ్వరము గృహమునందు ప్రభాతవేళనే యరటికాయముక్కలను గూర్చి కలహము పుట్టెను.

"అరటికాయ ఉడకబెట్టి ఆ నీళ్ళు పారబోస్తావేవిటే? సారమంతా తూములోకి పోయింది!" అని అత్తగారగు గవర్రాజమ్మ వంటయింటి గడపకడ నిలిచి గద్దించెను.

"హైమ కోసమండీ. నీళ్ళు వార్చకపోతే ఆ సారమే దానికి విషమన్నారు డాక్టరుగారు."

"దానొక్కదాని కోసం ఇంటిల్లిపాదీ పీచు నమలాలా?"

విశ్వేశ్వరము భార్యయగు సువర్చల ఉడికిన ముక్కలను పోపులో వేసెను. ఆమె యేకపుత్రికయు ఇరువదియేండ్లైన నిండనిదియు నగు హైమ మూత్రపిండములు రెండును జెడి, వారమునకు రెండుమాఱులు యంత్రముచే రక్తము శుద్ధి చేయించుకొనుచు బ్రదుకుచుండెను. వేఱొకరి మూత్రపిండము లభించిననే యా యౌవనమునకు భవిష్యత్తు గలదని వైద్యులు నిశ్చయించి యుండిరి.

మునుపు విశ్వేశ్వరము తమ్ముఁడు కామేశమున కీ వ్యాధియే సంభవించినపుడు ఆ యింట నెవ్వరికిని సందేహము కలుగలేదు. అతని భార్య మంగతాయారు రక్తము సరిపడకపోఁగా అందఱి చూపులును వదినయగు సువర్చలపై వ్రాలెను. ఇచ్చెదవా యని యామె నడిగినవారు లేరు. ఇచ్చుచున్నదని యూరెల్లఁ జెప్పినవారే. దేహమును గోయించుకొని మఱఁదికిఁ బ్రాణము పోసిన యా యిల్లాలికి కన్నబిడ్డకీయ నింకొకటి మిగులలేదు.

హైమకై పరీక్షలకు బయలువెడలినవారందఱును మరల స్త్రీలే. గవర్రాజమ్మకు చక్కెరవ్యాధి యడ్డుపడెను. మంగతాయారు రక్తము ఈ పిల్లకును సరిపడలేదు. తునినుండి బస్సెక్కి వచ్చిన మేనత్తకు రక్తపుపోటు బయటపడెను. ఆ యింట నిఁక నెవ్వరును లేరని కుటుంబమంతయు నిట్టూర్చుచుండ, ఆ యుదయమున హైమను దోడ్కొని ఆస్పత్రికిఁ బోయిన సువర్చలను వైద్యుఁడు "తండ్రిగారి పరీక్షలేవమ్మా?" అని యడిగెను.

ఆమె చేతిలోని పరీక్షాపత్రములను దిరుగవేసెను. భర్త నిరాకరింపలేదు, అతని నెవ్వరును అడుగనేలేదు. పట్టభద్రురాలైన తనకును ఆ యూహ తోఁపలేదు. ఆస్పత్రిమెట్లు దిగునప్పటి కామె సిగ్గు కోపమై మండుచుండెను.

మధ్యాహ్నభోజనమునకు అందఱును గూర్చుండిరి. హైమ గోడకుఁ జేరగిలి కొలిచి పోసిన నీటిని గ్రుక్కగ్రుక్కగాఁ ద్రాగుచుండెను.

"మీ చెల్లెలికి కబురు పెట్టావా?" అనెను గవర్రాజమ్మ కోడలితో. "ఇద్దర్ని కనేసింది. ఇంకా ఆ రెండో కిడ్నీతో ఏం పని దానికి?"

సువర్చల గరిట క్రింద నుంచెను.

"పెట్టలేదండీ. పెట్టను. రేపు పొద్దున్న మీ అబ్బాయిగారు వస్తున్నారు పరీక్షకి రక్తం ఇవ్వడానికి. డాక్టరుగారికి చెప్పేశాను."

విశ్వేశ్వరము చేతి ముద్ద చేతనే యుండెను. "నేనా? మరి కొట్టో?"

"మరిదిగారు చూస్తారు. నా కిడ్నీతో కులాసాగానే ఉన్నారుగా!"

కామేశము తల వంచుకొనెను.

"మగాణ్ణి కోయిస్తావటే! నా కొడుకుని కోతకిస్తావటే!" అని గవర్రాజమ్మ గుండె బాదుకొనెను.

"నన్ను కోసిన్నాడు మీరు బొబ్బట్లు చేయించి వీధంతా పంచారు అత్తయ్యగారూ, మా అబ్బాయికి గండం గడిచిందని. ఒక్క కన్నీటి బొట్టు రాలలేదు. ఇవాళ ఉత్త పరీక్షకే ఏడుస్తున్నారు."

అంతట నామె భర్తవైపునకుఁ దిరిగెను. "బలవంతం లేదండీ. రానంటే ఆ మాట ఇక్కడే, ఇప్పుడే, మీ నోటితో హైమకి చెప్పండి. మీ తరఫున నేను చెప్పను."

విశ్వేశ్వరము తల్లిని జూచెను. తమ్మునిఁ జూచెను. హైమ నీటిగ్లాసు నేలనుంచి, క్రొత్తబిందెను వ్రేలితోఁ దట్టి యెచటనైనఁ బగులున్నదేమో యని చెవియొగ్గు కొనుగోలుదారువలె, తండ్రి మౌనమును వినుచుండెను.