పార్కింగ్‌లో దొరికిన కవరు

అమెరికాలోని నేపర్‌విల్‌లో ప్రణీత రోజూ పొద్దున్నే లాప్‌టాప్ బ్యాగ్ తగిలించుకుని, మొగుడు దామోదర్‌కి బై చెప్పి, ఆఫీస్‌కి వెళ్తున్నట్టే కార్ తీస్తుంది. ఇంకెక్కడి ఆఫీస్? లేఆఫ్ అయి రెండు నెలలు కావస్తోంది. అతనిదేమో ఆమె వీసా మీద వచ్చిన డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేసే వీల్లేదు. చెప్పబోయిన ప్రతిసారీ ఏడుపు తన్నుకొచ్చి బాత్రూంలోకి పరిగెత్తేది. దాంతో చెప్పడం మానేసి, పగలంతా లైబ్రరీలో కూర్చుని అప్లై చేస్తోంది. పలికే నాథుడు లేడు.

ఆ శుక్రవారం సాయంత్రంలోగా ఫీజు కడితే, ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉండేలా లాయర్ కాగితాలు ఫైల్ చేస్తానన్నాడు. లేదంటే మూటాముల్లె సర్దుకోవాల్సిందే. క్రెడిట్ కార్డులన్నీ ఎప్పుడో గీకేసింది.

ఆ రోజే ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో కాలి కింద ఏదో మెత్తగా తగిలింది. బ్యాంకు కవరు, లోపల దళసరిగా డాలర్లు. మనవాళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది చెప్పండి? అయ్యో, డబ్బు తొక్కానే అని చటుక్కున తీసి కళ్ళకద్దుకుంది. తిన్నగా బ్యాగ్‌లో వేసుకుని ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. ఎవరో పోగొట్టుకున్న డబ్బు కళ్ళకద్దుకుంటే వాళ్ళ కన్నీళ్ళు మన కళ్ళలోంచి వస్తాయని ఆ ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

ప్రణీత కళ్ళు ధారగా కారడం మొదలెట్టాయి. స్నేహితురాలు రేణుకి ఫోన్ చేస్తే, వాట్సాప్ గ్రూప్‌లో మాత్రం పెట్టకు, పదిమంది నాదంటే నాదంటారు అంది. స్టోర్‌లో తన ఫోన్ నంబర్ ఇచ్చి రమ్మంది, లేదంటే పోలీసులకి అప్పజెప్పమంది. ఎంత ఉందో ఎవరికీ చెప్పొద్దట, అది చెప్పగలిగినవాళ్ళకే ఇవ్వాలట. ప్రణీత అన్నిటికీ ఊఁ కొట్టి కార్‌ని లాయర్ ఆఫీస్ వైపు తిప్పింది. సిగ్గేసింది. అయినా తిప్పింది.

అక్కడ రిసెప్షన్‌లో ఇషా అనే అమ్మాయి ఆమెని చూసి, ఎవరి డబ్బో దొరికినట్టుంది పాపం అంటూ టిష్యూ బాక్స్ ముందుకి జరిపింది. ప్రణీత కవరు తెరిచింది. నోట్ల మీద టపటపా పడుతున్న నీళ్ళు ఇంకా వేడిగా ఉన్నాయి. ఎవరో ఇంతసేపూ కుమిలిపోతున్నారు, ఏడుద్దామన్నా వాళ్ళకి కన్నీళ్ళు లేవు, అవి కూడా తనే ఎత్తుకొచ్చేసింది. కవరు మూసేసి వెనక్కి స్టోర్ దగ్గరికి వచ్చేసింది.

పార్కింగ్‌లో ఒక పెద్దాయన కార్ల కిందికి వంగి వంగి వెతుకుతున్నాడు. ముఖమంతా ఏడుపే, కళ్ళు మాత్రం పొడిగా ఉన్నాయి. గౌరీశంకర్ గారట, రిటైరైన ఇంజనీరు. ఎంత పోయిందో అడక్కుండానే సరిగ్గా చెప్పాడు. మంచం పట్టిన భార్య జానకీదేవిని కనిపెట్టుకుని ఉండే మనిషికి జీతమట. దాచుకున్నదంతా ఆవిడ జబ్బుకే ఊడ్చుకుపోయింది, ఇవాళ కూడా జీతం ఇవ్వకపోతే ఆ మనిషి మానేస్తానందట.

కవరు ఆయన చేతిలో పెట్టగానే ప్రణీత కళ్ళు ఆరిపోయాయి. ఆయన కళ్ళు నిండాయి. కవరు కళ్ళకద్దుకుని నవ్వాడు. నవ్వు వచ్చినా నీళ్ళు ఆగలేదు, చొక్కా కాలర్ తడిసిపోతోంది. వేలితో తుడుచుకుని చూసుకున్నాడు.

"నావి అయిపోయాయమ్మా. ఇవి నీవి. నీకేం పోయింది?"

రెండు నెలలుగా ఎవరూ అడగని మాట అది. ప్రణీత ఉద్యోగం సంగతీ, లాయర్ సంగతీ, దామోదర్ సంగతీ అన్నీ చెప్పేసింది. ఒక్కసారి కూడా ఏడుపు రాలేదు. ఆయన ఒకసారి కవరు వైపు చూశాడు. ప్రణీత వద్దని తల అడ్డంగా ఊపింది. చేసేదేం లేక ఆయన అలాగే నిలబడి ఆమె ఏడుపు ఏడుస్తూ ఉండిపోయాడు.

"అంకుల్, ఇంకాసేపు ఏడవగలరా? ఇంట్లో చెప్పాలి."

ఆయన సరేనని ఆమె కార్‌కి ఆనుకుని నిలబడ్డాడు. ప్రణీత దామోదర్‌కి ఫోన్ చేసింది.