మొదట దొరికిన మనిషి

“ఇంట్లో నువ్వుండగా ఇంకెవర్ని అడుగుతాం?” అన్నారు మా ఆయన, తడి తువ్వాలు కుర్చీ మీద పడేస్తూ. నేను ఆ తువ్వాలు తీసి తీగ మీద ఆరేశాను. అంత మాట విన్నాక జవాబు చెప్పాల్సింది పోయి తువ్వాలు ఆరేయడమేమిటని నాకే అనిపించింది గానీ, అప్పటికే చేతులు వాటి పని అవి చేసేశాయి.

మా అత్తగారు స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ అయింది. ఈ వారంలోనే ఇంటికి పంపించేస్తామన్నారు. ఇక మంచం దగ్గర ఒక మనిషి ఉండాలి. లేపాలి, కూర్చోబెట్టాలి, గోడ పట్టించి నడిపించాలి. ఎన్ని నెలలో డాక్టరుకే తెలియదు. ఆ మనిషి ఎవరన్నది మా ఆయనా, మరిదీ, ఆడపడుచూ ఫోన్లోనే తేల్చేసుకున్నారు. నేను పక్కగదిలో బట్టలు మడతపెడుతున్నాను. “పెద్దకోడలు ఉందిగా” అన్నాడు మరిది. “వదినకి అలవాటే కదా” అంది ఆడపడుచు. ఎదురుగా ఉన్న మనిషిని ఒకసారి పిలిచి అడిగితే ఏం పోయేదో నాకు తెలియదు. నాది కాంట్రాక్టు ఉద్యోగం. అన్ని నెలలు సెలవు పెడితే తిరిగి వెళ్ళేసరికి నా కుర్చీలో ఇంకొకరు కూర్చుని ఉంటారు. ఆ సంగతి మా ఆయనతో చెప్పాను. “పోతే పోయింది. నువ్వేమన్నా దేశాన్ని ఏలుతున్నావా?” అన్నారు. కోపంగా కూడా అనలేదు. చెమ్చా కింద పడితే తీసుకోమన్నట్టు అన్నారు.

రోజూ పొద్దున్నే దేవుడి ముందు నిలబడి ఓర్పు ఇవ్వమని అడుగుతాను. పెళ్ళయిన కొత్తలో మా అమ్మ నేర్పిన ప్రార్థన అది. ఆయన ఇస్తూనే ఉన్నాడు. నేను కాదనను. కానీ ఈమధ్య ఒక అనుమానం వస్తోంది. ఎంత ఓర్పు ఇస్తే అంత పనీ దాని వెనకే వచ్చి పడుతోంది. అడగాల్సింది ఇంకేదో ఉందా, నేను తప్పు అడుగుతున్నానా అని. దేవుడితో వాదించేంత చదువు నాకు లేదు. అనుమానం మాత్రం ఉంది.

మా ఆఫీసు పని నదిని కనిపెట్టుకుని ఉండడం. నది పొడవునా నీటిమట్టం కొలిచే కేంద్రాలున్నాయి. వాటి నుంచి వచ్చే అంకెలన్నీ మా కంప్యూటర్లో ఒక వరుసగా నిలబడతాయి. ఏ కేంద్రంలో నీళ్ళు ప్రమాదపు గుర్తును తాకాయో వెతికి పట్టుకుని, ఆ ఊళ్ళకు హెచ్చరిక పంపే ప్రోగ్రాం ఫోర్‌ట్రాన్ అనే పాత కంప్యూటర్ భాషలో ఉంది. ఇప్పటి పిల్లలు ఆ పేరు వింటే మ్యూజియంలో వస్తువును చూసినట్టు చూస్తారు. దాన్ని రాసిన పెద్దాయన రిటైరయ్యే ముందు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించారు. అప్పట్నుంచీ దాని బాగోగులు నావే.

ఆ రోజు వెళ్ళీ వెళ్ళగానే ఆఫీసరుగారు పిలిచారు. “ఏమ్మా, రాత్రి రెండు కేంద్రాల్లో నీళ్ళు ప్రమాదపు గుర్తు దాకా వచ్చాయట. మన హెచ్చరికలో పైది ఒక్కటే ఉంది, కిందది లేదు. ఆ ఊరివాళ్ళు వాళ్ళంతట వాళ్ళు చూసుకున్నారు కాబట్టి గట్టెక్కాం. ఇంటి ధ్యాసలో పడ్డారా ఏంటి?”

మగవాళ్ళు తప్పు చేస్తే తప్పు అంటారు. మనం చేస్తే ఇల్లంటారు. పైకి మాత్రం “చూస్తానండి” అన్నాను.

“సాయంత్రంలోగా సరిచెయ్యండి. అన్నట్టు, హెడ్డాఫీసు వాళ్ళొస్తున్నారు. ఆ టీ సంగతి కాస్త మీరే…”

నా కుర్చీ తలుపు పక్కన ఉంటుంది. ఎవరికి ఏం కావాలన్నా తలుపు తీయగానే నేను కనపడతాను. లోపల ఇంకో అరడజను కుర్చీలున్నాయని వాళ్ళకు తెలియక కాదు. అంతదాకా నడవాల్సిన అవసరం రాదు.

టీలు పంపించి వచ్చి ప్రోగ్రాం తెరిచాను. వెతకడానికి అందులో ఫైండ్‌లాక్ అనే ఆజ్ఞ ఉంది. ప్రమాదపు గుర్తు తాకిన అంకె ఈ వరుసలో ఎక్కడుందో చెప్పమంటే మొదటి నుంచి చూసుకుంటూ వెళ్తుంది. దొరికిన మొదటి చోటు చెప్పి ఆగిపోతుంది. దాని తర్వాత అలాంటివి ఇంకో నాలుగు చోట్ల ఉన్నా దానికి అక్కర్లేదు. అబద్ధం చెప్పదు పాపం. అడిగింది చెప్పింది, పని అయిపోయింది. ఒకేసారి రెండుచోట్ల గుర్తు తాకడం ఇదే మొదలు కాబట్టి ఇన్నాళ్ళూ ఈ సంగతి బయటపడలేదు. పై కేంద్రం దొరికింది, కింది ఊరు చీకట్లో ఉండిపోయింది.

నా అలసటకు ఎవరో సరైన పేరు పెట్టినట్టనిపించింది. మా ఇంట్లోనూ ఇదే వెతుకులాట. వండే మనిషి కావాలంటే వరుస మొదటి నుంచి చూస్తారు, పెద్దకోడలి దగ్గర ఆగిపోతారు. ఆసుపత్రి బల్ల మీద కూర్చునే మనిషి కావాలన్నా అంతే. ఎవరూ దొరక్కపోతే ఫైండ్‌లాక్ సున్నా అని జవాబిస్తుంది. నేనొచ్చాక మా ఇంట్లో సున్నా రాలేదు.

దాన్ని వెనక నుంచి వెతకమని కూడా చెప్పొచ్చు. అప్పుడు చివర ఉన్నది ముందు దొరుకుతుంది, అక్కడ ఆగుతుంది. ఒక్క క్షణం నాకు తోటికోడలు గుర్తొచ్చింది. ఈసారి ఆ అమ్మాయిని చూసుకోమందామా అనుకున్నాను. వెంటనే సిగ్గేసింది. చంటిపిల్లతో ఆ అమ్మాయి పడే పాట్లు నాకు తెలుసు. వెనక నుంచి వెతికినా పై ఊరు మునుగుతుంది. అంతే తేడా.

సరైన పద్ధతి వేరే ఉంది. వరుసలో ఉన్న ప్రతిదాన్నీ ‘నువ్వు అవునా, కాదా’ అని అడగాలి. అవునన్న చోట్లన్నీ ఏరి ఒకచోట పోగు చెయ్యాలి. ఆ పోగు చేసే ఆజ్ఞ పేరు ప్యాక్. రాయడం ఒక్క వాక్యం పని. రాసి నడిపించి చూశాను. రెండు కేంద్రాలూ పక్కపక్కన వచ్చి నిలబడ్డాయి. ఆ కింది ఊరి పేరు తెర మీద చూస్తే ఎందుకో కళ్ళు చెమ్మగిల్లాయి. నేనెప్పుడూ వెళ్ళని ఊరు అది.

సరిచేశానని చెప్తే ఆఫీసరుగారు “మంచిది” అని తల ఎత్తకుండా అన్నారు. బస్సులో నిలబడి ఆసుపత్రికి వెళ్తూ మా ఇంటి వరుసను కూడా అడగడం మొదలుపెట్టాను. కాళ్ళు లాగుతున్నాయి, బుర్ర మాత్రం ఆగలేదు. ఏమని అడగాలి? ‘నువ్వు కోడలివా’ అని అడిగితే నేనూ, తోటికోడలూ వస్తాం. మావాళ్ళు ఇన్నాళ్ళూ అడిగింది అదే. మంచం మీద ఉన్నది ఒక తల్లి కదా. ‘ఈవిడ నీకు అమ్మా’ అని అడిగితే? మా ఆయన అవునంటారు. మరిది అవునంటాడు. ఆడపడుచు అవునంటుంది. నేను కాదంటాను. ఆ ప్రశ్నకి వచ్చే జవాబులో నేను అసలు లేనేలేను.

దిగాల్సిన స్టాపు దాటిపోయింది. వెనక్కి నడిచాను.

వార్డులో అందరూ అప్పటికే ఉన్నారు. అత్తగారు కళ్ళు మూసుకుని పడుకున్నారు. “ఇదుగో వచ్చింది” అన్నారు మా ఆయన. “సెలవు చీటీ ఇచ్చేశావా?”

“ఇవ్వలేదండి. ఇవ్వను కూడా.”

“అదేంటి?”

“నా ఉద్యోగం పోతుంది. పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.”

“మరి అమ్మని ఎవరు చూస్తారు వదినా?” అన్నాడు మరిది. నిజంగా తెలియకే అడిగాడు.

“ఈవిడ ఎవరెవరికి అమ్మో వాళ్ళు చెయ్యెత్తండి” అన్నాను.

ఆడపడుచు నవ్వింది. “ఇదేం బడి వదినా?” అంటూనే చెయ్యెత్తింది. మరిది ఆమెను చూసి మొహమాటంగా మోచేయి దాకా లేపాడు. మా ఆయన చేతులు కట్టుకునే ఉన్నారు. పక్క మంచం వాళ్ళు వింటున్నారని ఆయన బాధ.

“ఇప్పుడు వంతులు వేసుకోండి. మీ ఆఫీసుల్లో కూడా సెలవులిస్తారు. సాయంత్రాలూ, ఆదివారాలూ నేను చూస్తాను. ఎవరూ నా మీద పెట్టక్కర్లేదు, నేనే అడిగి తీసుకుంటున్నాను. పగలు మాత్రం నేనుండను.”

“నలుగురిలో ఈ నాటకాలేంటే?” అన్నారు మా ఆయన పళ్ళ బిగువున. “అమ్మ వింటే ఏమనుకుంటుంది?”

ఇంకో మాట వస్తే తగ్గిపోయేదాన్నేమో. సరేనండి అనే మాట నా నోటికి ఎంత దగ్గరగా ఉంటుందో నాకు తెలుసు.

దిండు మీంచి అత్తగారు కళ్ళు తెరిచారు. ఎప్పట్నుంచి మేలుకుని ఉన్నారో. నా వైపు చూడలేదు.

“పెద్దాడా, నీ చెయ్యేదిరా?” అన్నారు.